డెమో గడువులో వర్ణమాల



"పదిహేను రోజులు ఉచితంగా వాడి చూడండి, నచ్చితేనే కొనండి" అనే మాట ఇప్పుడు మన పాఠశాలల్లో తరచుగా వినిపిస్తోంది. హాజరు వేసే ఆప్ కానీయండి, ఇంటిపాఠాల ఆప్ కానీయండి, తల్లిదండ్రులకు సందేశాలు పంపే ఏర్పాటు కానీయండి, అమ్మవచ్చినవారు ముందుగా ఒక డెమో చూపిస్తారు. దానిని ఏ విధంగా పరీక్షించాలని మీలో కొందరు నన్ను అడిగారు. నేను సాంకేతిక నిపుణుడను కాను, తెలుగు పంతులును. అయినప్పటికీ 1996లో ఒక మోడెం సాఫ్ట్‌వేరు డెమోను ముప్పది రోజులు వాడి చూసే అవకాశం నాకు కలిగింది. ఆ ముప్పది రోజుల్లో నేర్చుకొన్నదే నేటికీ నాకు ఉపయోగపడుతోంది కనుక దానిని కొంత వివరంగా వ్రాస్తున్నాను.

మోడెం అంటే ఏమిటో మీ పిల్లలకు తెలియకపోవచ్చు. కంప్యూటరులోని సున్నాలను, ఒకట్లను టెలిఫోను తీగపై వెళ్ళగల శబ్దంగా మార్చి, అవతలి వైపున ఆ శబ్దాన్ని మళ్ళీ సున్నాలుగా, ఒకట్లుగా మార్చే పెట్టె అది. దానితో మాట్లాడడానికి కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు ఉండాలి. ఫోను నంబరు తిప్పడం, అవతలి మోడెం పలికితే అందుకోవడం, మనం టైపు చేసినది పంపడం, వచ్చినది తెరపై చూపడం, ఫైలులో దాచడం దాని పనులు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది, కానీ అది మహానగరాల మాట. హోసూరు వంటి ఊరిలో రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే ఒకటి మరొకదానికి నేరుగా ఫోను చేయడమే మార్గం.

హోసూరు అప్పటికి ధర్మపురి జిల్లాలో ఉండేది. కృష్ణగిరి జిల్లా ఏర్పడినది 2004లో. మా ప్రాంతంలో తెలుగు ఇంటి భాష, వీధి భాష, సంత భాష కూడా. అయితే బడికి వచ్చే పిల్లవాడు ముందుగా చూసే అక్షరాలు తమిళ అక్షరాలు. బస్సు మీద, అంగడి మీద, గోడ మీద ఉన్నవి అవే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం అని మీకు తెలుసు. అందువలన మా పిల్లలు నోటితో "గాలి" అని చక్కగా పలికి, పలకపై "కాలి" అని వ్రాసేవారు. పాట – బాట, తడి – దడి, కోడు – గోడు వంటి జంటపదాలతో నేను అభ్యాస పత్రాలు తయారు చేసుకొనేవాడిని. ఉపాధ్యాయ శిక్షణలో నా సహాధ్యాయి ఒకరు బళ్ళారిలో తెలుగు చెప్పేవారు. వారి పిల్లల ఇబ్బంది వేరు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కనుక వారికి వత్తులు, గుణింతాలు ఇట్టే పట్టుబడేవి, కానీ తలకట్టు దగ్గర రెండు లిపులు కలిసిపోయేవి. ఆయన పత్రాలు ఆయనవి, నా పత్రాలు నావి. ఒకరి శ్రమ ఇంకొకరికి అందితే ఇద్దరికీ సగం పని తగ్గుతుందని ఇద్దరమూ అనుకొనేవాళ్ళం.

మా ఊరిలో పెండ్లిపత్రికలు కూర్చే ఒక డి.టి.పి. కేంద్రం ఉండేది. యజమాని సెకండ్ హ్యాండ్‌లో కొన్న మోడెం ఒకటి అక్కడ ఉంది. దాని వేగం సెకనుకు 2400 బిట్లు. బళ్ళారిలో నా మిత్రుని తమ్ముడు కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపేవాడు. రెండు చోట్లా సి-డాక్ వారి జిస్ట్ కార్డు ఉంది. మామూలు డాస్ తెరపై భారతీయ లిపులను చూపే కార్డు అది. మోడెంతో పాటు వచ్చిన ఫ్లాపీలో ఆ సాఫ్ట్‌వేరు డెమో ఉంది. పేరు చెప్పను, అవసరం లేదు.

డెమోకు నాలుగు సంకెళ్ళు ఉండేవి. ముప్పది రోజులు దాటితే తెరుచుకోదు. ఒక్కో కాల్ పది నిమిషాలకు తెగిపోతుంది. ఎక్స్‌మోడెం, జెడ్‌మోడెం వంటి పద్ధతులు, అంటే ఫైలును ముక్కలుగా పంపుతూ ప్రతి ముక్కనూ సరిచూసే పద్ధతులు, కొన్నవారికే తెరుచుకొంటాయి. మనకు మిగిలేది ఫైలును వట్టి పాఠంగా పంపడం ఒక్కటే. నాలుగవది చిన్నదిగా కనిపిస్తుంది గాని అసలు కథ దానిదే: మనం మార్చిన అమరికలు దాచబడవు. మూసి తెరిస్తే తయారీదారుడు పెట్టిన అమరికలే మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

పది నిమిషాలు చాలునా అని ముందుగా లెక్క వేసుకొన్నాం. ఒక్కో అక్షర సంకేతానికి తీగపై పది బిట్లు పడతాయి, కనుక సెకనుకు 240 సంకేతాలు. ఒక పుటకు రెండువేల సంకేతాలు అనుకొంటే నలభై పుటలకు ఐదున్నర నిమిషాలు. రాత్రి ఎస్.టి.డి. పావు ఛార్జి వేళలో ఇది మోయగలిగిన ఖర్చే. "దీనికింత తంటా ఎందుకు సార్, ఫ్లాపీని బస్సు కండక్టరు చేతికిస్తే పొద్దునకల్లా బళ్ళారి చేరుతుంది కదా" అని డి.టి.పి. యజమాని అన్నాడు. న్యాయమైన మాటే. కానీ దానిని ఎవరో ఒకరు బస్టాండుకు పోయి అందుకోవాలి, అందుకొన్న ఫ్లాపీ తెరుచుకోవాలి. ఆ రెండూ జరిగిన రోజులు తక్కువ.

మొదటి రాత్రి నంబరు తిప్పాము. మా లైనులో టోను పద్ధతి పనిచేయలేదు, పల్స్ పద్ధతిలో తిప్పమని మోడెంకు చెప్పవలసి వచ్చింది. కీచుమని, గురగురమని, చివరకు నిశ్శబ్దమై, తెరపై "కనెక్ట్ 2400" అని పడింది. ఇంగ్లీషులో రెండు మాటలు వెళ్ళాయి, రెండు వచ్చాయి. తప్పు లేదు. యజమాని ముఖం వెలిగింది. ఆ తరువాత "అమ్మ" అని తెలుగులో కొట్టాను. కాసేపటికి కాల్ తెగింది, మిత్రుడు మామూలు ఫోనులో పలికాడు: "ఏమప్పా, నువ్వు పంపింది పాఠమా, పద్దు లెక్కా? డాలరు గుర్తు వచ్చింది, ఆ వెనక ఎల్, హెచ్, ఎల్!"

మరునాడు పుటంతా పంపాను. పుటంతా అదే వరుస. డాలర్లు, శాతం గుర్తులు, కుండలీకరణాలు, అంకెలు. యజమాని తీర్పు చెప్పేశాడు: "ఇంగ్లీషు పోతోంది, తెలుగు పోలేదు. అంటే మోడెం తెలుగును మోయదు సార్." మిత్రుడు కూడా మెత్తబడ్డాడు. "ఇంగ్లీషు అక్షరాలలోనే తెలుగు రాసి పంపుకొందాంలే, మనకు అర్థమైతే చాలు కదా" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి మీతో ఒక మాట చెప్పాలి. ఆ సలహా అప్పటిది మాత్రమే కాదు. నేడు మీ పిల్లలు ఫోనులో చేస్తున్నది అదే. ఆనాడు అమెరికా తెలుగువారు ఆర్.టి.ఎస్. అనే పద్ధతిలో పెద్ద అక్షరం ఒక ధ్వనికి, చిన్న అక్షరం మరొక ధ్వనికి వాడుకొని తెలుగును ఇంగ్లీషు కీబోర్డుపై పొరపాటు లేకుండా వ్రాసేవారు. పెద్దలకు, నియమం ఎరిగినవారికి అది చక్కని సాధనం. నా పత్రాలు ఎవరికోసం? "పాత" అన్నా "పాట" అన్నా మామూలు ఇంగ్లీషు అక్షరాలలో ఒకే రూపం. కల, కళ ఒకటే. క, గ తేడా నేర్పడానికి పుట్టిన పత్రాన్ని, ల, ళ తేడా చెరిపేసే లిపిలో పంపడం ఎందుకు? అవతలి వైపున ఎవరో కూర్చుని మళ్ళీ తెలుగులో కొట్టవలసినదే కదా. అందుకని నేను ఒప్పుకోలేదు. ఇంకా ఇరవై ఆరు రోజులు ఉన్నాయి, చూద్దాం అన్నాను.

మూడవ ప్రయత్నంలో పాఠం పంపలేదు. అ నుండి ఱ వరకు వర్ణమాలను వరుసగా పంపి, వచ్చినది వచ్చినట్టు అచ్చువేసి పోస్టులో పంపమని మిత్రుని కోరాను. నాలుగు రోజులకు కవరు వచ్చింది. ఆ కాగితాన్ని బల్లపై పరచి, పక్కన నా వర్ణమాల పెట్టుకొని చూశాను. క ఖ గ ఘ ఙ ఉన్నచోట 3 4 5 6 7 ఉన్నాయి. చ ఛ ఉన్నచోట 8 9. త థ ద ధ న బదులు ఇంగ్లీషు బి సి డి ఇ ఎఫ్. ప ఫ బ భ మ బదులు హెచ్ ఐ జె కె ఎల్. వర్గాలు వర్గాలుగా, వరుస తప్పకుండా! చెడిపోయినది ఏదైనా ఇంత క్రమంగా చెడిపోదు. మన అక్షరాలు చెదరలేదు, అన్నీ ఒకే దూరం జరిగాయి.

ఎఫ్ తరువాత హెచ్ రావడం నన్ను చాలాసేపు వేధించింది. న తరువాత ప కదా, మధ్యలో జి ఏమైంది? జిస్ట్ కార్డు పుస్తకంలో సంకేతాల పట్టిక చూస్తే తెలిసింది. ఆ చోటు తమిళంలోని రెండవ నకారానిది. మా హోసూరు పిల్లలు రోజూ గోడలమీద చదివే అక్షరమే అది! 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ పట్టిక బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటికీ ఉమ్మడి పట్టిక. తెలుగుకు అక్కరలేని అక్షరానికీ అందులో గడి ఉంది, అది ఖాళీగా వదిలివేయబడుతుంది.

అదే పట్టికలో మిగతా గుట్టు కూడా విడిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ 0 నుండి 127 వరకు ఉన్న సంఖ్యలలో ఇమిడిపోతాయి. వాటికి ఏడు బిట్లు చాలు. మన అక్షరాలు 128కి పైన ఉన్నాయి, వాటికి ఎనిమిదవ బిట్టు తప్పనిసరి. అ సంఖ్య 164, మ సంఖ్య 204, పొల్లు సంఖ్య 232. ఒక్కొక్కదానిలో 128 తీసివేయండి: 36, 76, 104. అవి ఇంగ్లీషు పట్టికలో డాలరు గుర్తు, పెద్ద ఎల్, చిన్న హెచ్. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ. డాలరు, ఎల్, హెచ్, ఎల్. మిత్రుడు ఫోనులో చదివినది అదే.

ఎనిమిదవ బిట్టును ఎవరు తీశారు? మోడెం కాదు. మోడెంకు అక్షరాల ఊసే పట్టదు. డెమో తెరిచిన ప్రతిసారీ "7-ఇ-1" అనే అమరిక ఉండేది. ఏడు సమాచార బిట్లు, ఒక సరిచూపు బిట్టు, ఒక ముగింపు బిట్టు అని దాని అర్థం. ఏడు బిట్లలోని ఒకట్లను లెక్కపెట్టి, మొత్తం సరిసంఖ్య అయ్యేటట్లు ఎనిమిదవ చోటును నింపుతారు. పద్యం వ్రాసి గణాలు సరిపోయాయో లేదో చూసుకొన్నట్లు, అవతలివారు లెక్క చూసుకొని తప్పును పట్టుకోవచ్చును. అమెరికాలో కంప్యూసర్వ్ వంటి సేవలకు ఆ రోజుల్లో ఆ అమరికే వాడేవారు, కనుక ఆ సాఫ్ట్‌వేరు వ్రాసినవారికి అది సహజంగా తోచి ఉంటుంది. రెండవ అమరిక "8-ఎన్-1": ఎనిమిది సమాచార బిట్లు, సరిచూపు లేదు, ఒక ముగింపు బిట్టు. మొదలు బిట్టుతో కలిపి చూస్తే రెండింటికీ తీగపై పది బిట్లే. వేగం ఒకటే, కాలం ఒకటే, ఫోను బిల్లు ఒకటే. ఇంగ్లీషు వ్రాసేవానికి తేడా ఎన్నటికీ కనబడదు. తెలుగు వ్రాసేవానికి మాత్రం భాష మొత్తం పోతుంది.

పోయినదానిని అవతల 128 కలిపి తిరిగి తెచ్చుకోవచ్చు కదా అని గణితం చెప్పే మా సహోద్యోగి అడిగారు. పూర్తిగా తెలుగే ఉంటే తెచ్చుకోవచ్చు. ప్రశ్నపత్రంలో "3 మార్కులు" అని ఉంటే? అక్కడి 3 నిజంగా మూడా, లేక క యా? ఒకసారి పై బిట్టు పోయాక రెండింటికీ రూపం ఒకటే. వరుస సంఖ్యలన్నీ అక్షరాలైపోతాయి.

ఆ రాత్రి నా వైపున 8-ఎన్-1 పెట్టి పిలిచాను. మిత్రుడు తన వైపున ఇంకా మార్చలేదు. అతడు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో "హలో" అని కొట్టాడు. నా తెరపై హెచ్ అనే ఇంగ్లీషు అక్షరం, దాని వెనుక "ధమమర" అని తెలుగు! అతని వైపు సరిచూపు కోసం చేర్చిన బిట్టును నా వైపు అక్షరంలో భాగంగా తీసుకొన్నది. ఒకట్లు బేసిగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలన్నీ ఎగిరి మన పట్టికలో పడ్డాయి. హెచ్‌లో ఒకట్లు రెండే, అందుకే అది కదలలేదు. చాలా ఏండ్ల వరకు మేమిద్దరం ఉత్తరాలకు "ధమమర" అనే మొదలు పెట్టేవాళ్ళం.

అతడు కూడా అమరిక మార్చిన పిమ్మట నలభై పుటలు ఒక్క కాల్‌లో వెళ్ళాయి. వెంటనే ఫోను మోగింది. "అంతా వచ్చిందప్పా, కానీ కన్నడంలో ఎందుకు పంపావు?"

నేను పంపినది తెలుగే. వారి కార్డు కన్నడ పనులకోసం కన్నడంలో పెట్టబడి ఉంది. ఇస్కీ ఉమ్మడి పట్టిక కదా, క అనే సంకేతం ఏ లిపికైనా ఒకటే. ఏ లిపిలో చూపాలన్నది చూపే కార్డు ఇష్టం. ఒక్క మీట నొక్కగానే అదే పాఠం తెలుగు లిపిలోకి మారింది. నా మిత్రుడు దానిని వదలలేదు. బళ్ళారిలో ఇంటిలో తెలుగు మాట్లాడుతూ కన్నడ లిపి మాత్రమే చదవగలిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఆయన ప్రతి పత్రాన్నీ రెండు వరుసలుగా అచ్చువేయించాడు. ఎడమ వైపు కన్నడ లిపిలో తెలుగు మాటలు, కుడి వైపు తెలుగు లిపిలో అవే మాటలు. పిల్లలు ఎడమ వైపు చదివి, కుడి వైపు పోల్చుకొని, నెల తిరగకుండా ఎడమ వైపు మూసివేసి చదివారని ఆయన వ్రాశారు. ఆ పని చేతితో చేయబూనితే మాకు ఒక వేసవి సెలవు పట్టేది.

ఇబ్బందులు లేకపోలేదు. వట్టి పాఠంగా పంపుతున్నాము కనుక లైనులో చిటపట వస్తే సరిచూసేవారు లేరు. ఒక్క పొల్లు జారిపోతే "అమ్మ" కాస్తా "అమమ" అయ్యేది. ఇంగ్లీషులో ఒక అక్షరం పోతే చదివేవాడు ఊహించుకొంటాడు, మనకు పొల్లు పోతే వత్తు విడిపోయి మాట స్వరూపమే మారుతుంది. పిల్లలకిచ్చే పత్రంలో అది కుదరదు. వచ్చిన ప్రతి పుటను మిత్రుడు ఎర్ర సిరాతో దిద్దవలసి వచ్చేది. దానికి తోడు డెమో అమరికలను దాచదు కనుక ప్రతి రాత్రి, రెండు వైపులా, నంబరు తిప్పకముందే 8-ఎన్-1 పెట్టుకోవాలి. బళ్ళారిలో ఒక కాగితంపై పెద్ద అక్షరాలతో "ఎనిమిది!" అని వ్రాసి తెరకు అంటించారు.

ముప్పదవ రోజు డెమో మూతపడింది. ధర డాలర్లలో ఉంది. కొనే ప్రసక్తి లేకపోయింది. బెంగుళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా ఊరి కుర్రవాడొకడు కెర్మిట్ అనే సాఫ్ట్‌వేరును ఫ్లాపీలో తెచ్చి ఇచ్చాడు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో పుట్టినది. పేరు టెలివిజన్ బొమ్మలాటలోని ఒక కప్పది. మావంటివారు రుసుము లేకుండా వాడుకోవచ్చును. అది ముక్కముక్కనూ సరిచూస్తుంది, తప్పు వస్తే మళ్ళీ పంపుతుంది. ఏడు బిట్లే పోగల దారి ఎదురైనా, ఎనిమిదవ బిట్టు ఉన్న ప్రతి అక్షరానికీ ముందు ఒక గుర్తు చేర్చి పంపి, అవతల దానిని యథాస్థితికి తెస్తుంది. తెలుగు పాఠమైతే ఫైలు ఇంచుమించు రెండింతలవుతుంది, అయితే ఒక్క వత్తు కూడా జారదు. దానితో రెండేండ్లు నడిపాము. ఆ తరువాత మిత్రుని తమ్ముడు ఆ కేంద్రాన్ని మూసివేశాడు, మెయిలు వచ్చింది, మోడెం అటకెక్కింది.

అది ముగిసిన కథ అని మీరనుకోవచ్చు. నేడు తెలుగుకు యూనికోడులో చోటు ఉంది, విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుండి మామూలు కంప్యూటరులోనే తెలుగు కనబడుతోంది. నిజమే. కానీ ఆ ఏడు బిట్ల లెక్క ఇంకా మన జేబులోనే ఉంది. ఫోనులో వచ్చే ఎస్.ఎం.ఎస్. తీసుకోండి. ఒక్కో సందేశానికి 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషును ఏడేసి బిట్లతో కొలుస్తారు, 160 అక్షరాలు పడతాయి. తెలుగును పదహారేసి బిట్లతో కొలుస్తారు, 70 మాత్రమే. ఆ 70 కూడా మనం కంటితో చూసే అక్షరాలు కావు. "స్వాతంత్ర్యం" కంటికి మూడు అక్షరాలు, లెక్కకు పన్నెండు. ఇంగ్లీషు సందేశం మధ్యలో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా మొత్తం సందేశం 70 లెక్కలోకి పోతుంది. 70 దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది.

కొన్నేండ్ల క్రితం ఒక సంస్థవారు మా పాఠశాలకు వచ్చి ఇటువంటి సందేశాల ఏర్పాటుకు డెమో ఇచ్చారు. ప్రధానోపాధ్యాయుల ఫోనుకు ఇంగ్లీషులో చక్కని సందేశం వచ్చింది. అందరూ మెచ్చుకొన్నారు. "రేపు బడికి సెలవు" అని పంపండి అన్నాను. మూడు వరుస ప్రశ్నార్థకాలు వచ్చాయి. నాకు బళ్ళారి గుర్తుకు వచ్చింది. అమరికలలో యూనికోడ్ అనే గడి ఎక్కడ ఉందో వెదకమన్నాను, వెదికి నొక్కితే తెలుగు వచ్చింది. అప్పుడు లెక్కలు చూసే గుమాస్తాగారు కలుగజేసుకొన్నారు: 150 అక్షరాల ఇంగ్లీషు సందేశానికి ఒక సందేశం ఖర్చు, అంతే పొడవు తెలుగుకు మూడు సందేశాల ఖర్చు. సంవత్సరానికి ఎంతవుతుందో కూడి చూపించారు. ఇంగ్లీషులోనే పంపుదాం, తమిళమైనా ఖర్చు తెలుగంతే కదా అని సభ తేల్చబోయింది.

మా బడి పిల్లల ఇండ్ల సంగతి మీకు కొంత తెలుసు. 2006 నాటి చట్టం తరువాత మా పిల్లలకు తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది, తెలుగు పక్కకు జరిగింది. కానీ ఆ పిల్లల తల్లులు, అవ్వలు చదువుకొన్న కాలం వేరు. వారిలో చాలామంది తెలుగు మాత్రమే చదవగలరు. ఇంగ్లీషు సందేశం వస్తే ఎనిమిదేండ్ల పిల్లవాడు చదివి చెప్పాలి. తన గైర్హాజరు గురించి వచ్చిన సందేశాన్ని ఆ పిల్లవాడు అవ్వకు ఏమని చదివి వినిపిస్తాడో మీరే ఊహించండి.

తెలుగులోనే పంపుదాం, 70కి మించకుండా నేను వ్రాయిస్తాను, ఖర్చు ఇంగ్లీషుతో సమానం అని గుమాస్తాగారికి మాట ఇచ్చాను. ఎనిమిదవ తరగతి పిల్లలకు దానినే అభ్యాసంగా పెట్టాను. మన పాఠశాల ప్రకటనలు ఎట్లా మొదలవుతాయో మీకు తెలుసు: "విద్యార్థుల తల్లిదండ్రులందరికీ తెలియజేయునదేమనగా". పిల్లలు లెక్కపెట్టారు. ఖాళీలతో కలిపి 47. విషయం ఇంకా మొదలు కానేలేదు! అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు, సున్నలు, అన్నీ విడదీసి లెక్కపెట్టడంలో వారికి సంయుక్తాక్షరాల పాఠం నేను చెప్పకుండానే వచ్చేసింది. త్ర్యంలో ఏమేమి ఉన్నాయో అంతకు ముందు నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

మొదట "శనివారం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం. తప్పక రండి." అని వచ్చింది, 51. "భోజనం సంగతి వ్రాయకపోతే మా అవ్వ రాదు సార్" అని వెనుక బెంచి నుండి ఒక అమ్మాయి లేచింది. చేర్చి చూస్తే 71. తరగతి అంతా నిట్టూర్చింది. ఆ అమ్మాయే బల్ల దగ్గరకు వచ్చి, "సమావేశం" తరువాతి చుక్కను వ్రేలితో తుడిచివేసింది. సరిగ్గా 70. ఆ శనివారం ఇండ్లకు వెళ్ళిన సందేశం ఇది:

"శనివారం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం తప్పక రండి. మధ్యాహ్న భోజనం ఉంది"